మూడు ఫర్లాంగుల కారు

చోడవరం,
5-1-1955

విశాఖపట్నం వేంకటరమణమూర్తి గారి సముఖానికి,

నమస్కారాలు. మొన్న శనివారం మీ ఇంట్లో కారు కొనుక్కొచ్చిన చోడవరం గణపతిరావు గారి అమ్మాయిని. చెరుకు పనులతో నాన్నగారికి తీరిక లేదు. తీరికున్నా ఆయన ఉత్తరాలు రాయరు. అందుకని నేను రాస్తున్నాను.

మేము వచ్చేసరికే మీ పెరట్లో కారు ఇంజను ఆడుతూ ఉంది. ఎంత మర్యాదస్తులో అనుకున్నాం. మా డ్రైవరు దాసు ఎక్కి కూర్చుని, దారిలో ఎక్కడా ఆపకుండా సబ్బవరం మీదుగా తెచ్చేశాడు. మా వాకిట్లో ఆపాడు. ఆపింది ఆపినట్టే ఉంది.

ఆదివారం పొద్దున్న దాసు ముందు హేండిలు పెట్టి తిప్పాడు. మా పాలేరు తిప్పాడు. వీధిలో పోయేవాళ్లు కూడా సరదాపడి తలో చుట్టు తిప్పారు. చెరుకాడే ఇంజన్లు బాగుచేసే పరదేశిని పిలిపించాం. అతను కారుకి చెవి ఆనించి చాలాసేపు విని, "పేణం ఉందండి బాబూ, పలకడం లేదంతే" అన్నాడు. ఆరుగురు కలిసి తోస్తే ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

ఈ తొందర ఎందుకో కూడా చెప్పాలి. నేను బి.ఏ. ప్యాసయి ఏడాదిన్నర అయింది. అనకాపల్లి ఆడపిల్లల హైస్కూల్లో ఒక టీచరు గారు పురిటికి సెలవు పెడితే ఆ ఉద్యోగం ఆరు నెలలకి నాకిచ్చారు. ఫిబ్రవరి ఒకటో తేదీ ఉదయం పది గంటలకి చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతి పేరు పిలుస్తారని ఆర్డరులోనే ఉంది. అనకాపల్లి మాకు పన్నెండు మైళ్లు. బస్సులు కావలసినన్ని ఉన్నాయి. కాని నాన్నగారు నన్ను బస్సెక్కనివ్వరు. "బస్సులో పక్కని ఎవులు కూకుంటారో మనం రాసిపెట్టలేం కదమ్మా" అంటారు. ఆయన తేల్చిన మాట ఇదీ: కారు నడిస్తే ఉద్యోగం, నడవకపోతే కారు పశువుల సాలలో, నేను ఇంట్లో.

కాబట్టి పొద్దున్నే మీరు ఈ కారుని ఎలా లేపేవారో దయచేసి రాయండి.

ఇట్లు
బి. నూకరత్నం, బి.ఏ.

తా.క. మీరు రాసిన విక్రయ కాగితంలో కారుకి నాలుగు హద్దులు వేశారు: తూర్పున దీపాలు, పడమర స్పేరు చక్రం, ఉత్తర దక్షిణాలు తలుపులు. మా వాకిట్లో కారు దక్షిణముఖంగా ఉంది. దీనివల్ల ఏమైనా చిక్కా?

*

విశాఖపట్నం,
10-1-1955

శ్రీ గణపతిరావు గారికి వేంకటరమణమూర్తి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుమార్తె వ్రాసిన జాబు అందినది. ఆడపిల్లలకు యంత్రముల సంగతి తెలియుటకు అవకాశము లేదు గనుక జవాబు మీకే వ్రాయుచున్నాను.

నేను ముప్పదియొక్క సంవత్సరములు సబ్-రిజిస్ట్రారుగా పనిచేసి పింఛను పుచ్చుకొన్నవాడను. నా చేతిమీదుగా నడచిన దస్తావేజు ఒక్కటియు రద్దు కాలేదు. కావున క్రయము రద్దు చేయవలెనను ఊహ మీకున్నచో విరమింపుడు.

ఉదయమున ఇంజను పలుకకుండుట చలి చేసిన పని. స్టీరింగు చెంత తెల్లని బొడిపె యొకటి కలదు. దానిని లాగవలెను. పదునారు సంవత్సరములు ప్రతి ఉదయము అది లాగబడుట నేను కన్నులార చూచితిని. ముందుభాగమున మూత తీసి దాని నోట నీరు పోయవలెను. త్రోవలో ఎచ్చటనైన ఆగినచో వెనుక కూర్చున్నవారు గొడుగు మొనతో క్రింద రెండుమార్లు తట్టవలెను. నేను తట్టిన ప్రతిసారియు బండి కదలినది. ఒక్కనాడును తప్పలేదు.

ఇంతకు మించి ఆ బండిలో తెలిసికొనవలసిన రహస్యమేమియు లేదు.

ఇట్లు, మీ శ్రేయోభిలాషి
వేంకటరమణమూర్తి

తా.క. హద్దులు వ్రాతనాటి నిలుపు ననుసరించినవి. బండి తిరిగినను హద్దులు తిరుగవు.

*

చోడవరం,
18-1-1955

వేంకటరమణమూర్తి గారికి, గణపతిరావు గారి అమ్మాయి నమస్కరించి రాసేది.

కారు రద్దు చేయమని మేము అడగలేదు. నడవమని అడిగాం.

బొడిపె లాగాం. ఒక్క తిప్పుకి ఇంజను అందుకుంది! నాన్నగారు పరదేశికి కొత్త తువ్వాలు పెట్టారు. పరదేశి తువ్వాలు భుజాన వేసుకుని బాగా ఆలోచించి, "లాగితే పలికింది కాబట్టి ఎప్పుడూ లాగే ఉండాల" అని, బొడిపె వెనక్కి పోకుండా కొబ్బరితాడుతో బిగించి కట్టేశాడు.

తరువాత మీరు చెప్పిన నీళ్లు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏటా చెరుకాడటం మొదలుపెట్టిన రోజు తొలి రసం యంత్రానికి పోసి, ఆ తర్వాతే మనుషులు తాగుతారు. మీ ఉత్తరంలో "దాని నోట నీరు పోయవలెను" అన్నది నేను చదువుతుంటే మా నాయనమ్మ అచ్చియ్యమ్మ గారు అందుకున్నారు. "కొత్తగా ఇంటికొచ్చిన దాని నోట్లో ఒట్టి నీల్లు పోస్తారేటే గుంటా! దానికి మాత్రం నోరు కాదేటి?" అన్నారు. నేను బిందె పట్టుకుని ఆపబోయేలోపు రెండో బిందె పోసేశారు.

నాన్నగారు, నేను వెనక కూర్చున్నాం. కారు మూడు ఫర్లాంగులు నడిచింది. వెనకనుంచి నల్లటి పొగ, ముందునుంచి బెల్లం వాసన. సరిగ్గా బెల్లం కొట్ల ఎదురుగా మూత ఎగిరి, పాకం పొంగి, బండి ఆగిపోయింది. షావుకార్లు కొట్లలోంచి వచ్చి, వేలితో తీసి చూసి, "ఇంకా లేతగా ఉంది, దించకండి" అని చెప్పి లోపలికి వెళ్లారు.

నాన్నగారు గొడుగుతో రెండుసార్లు తట్టారు. దాసు వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, పిలిసేరా?" అన్నాడు. "నిన్ను కాదురా, బండిని" అన్నారు నాన్నగారు. మళ్లీ తట్టారు. దాసు మళ్లీ తిరిగాడు. నాలుగోసారికి దాసు దిగి దూరంగా నిలబడ్డాడు, బండికి వినిపించడానికి తను అడ్డమేమోనని.

పరదేశి మూడు కాగుల వేడినీళ్లు పోసి లోపల కడిగాడు. ఇప్పుడు మంచినీళ్లే పోస్తున్నాం. అయినా రోజూ అదే వరస. ఇంజను వెంటనే అందుకుంటుంది, మూడు ఫర్లాంగులు నడుస్తుంది, నల్లటి పొగ వదిలి ఆగిపోతుంది. ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి. మూడు ఫర్లాంగుల తర్వాత మీరేం చేసేవారు?

ఇట్లు
నూకరత్నం

తా.క. ఊళ్లోవాళ్లు బెల్లం కొట్లకి నడిచి వెళ్లాలంటే "గణపతిరావు గారి కారంత దూరం" అంటున్నారు.

*

విశాఖపట్నం,
21-1-1955

గణపతిరావు గారికి,

వ్రాయకతప్పక వ్రాయుచున్నాను.

మీ కుమార్తె జాబు రెండుమార్లు చదివితిని. చెరకు ఇంజను మేస్త్రీ. చెరకు రసము, అదియు బిందెలకొలది. పాకము. బెల్లపు షావుకార్లు వచ్చి పరీక్షించుట. ఇన్ని సాక్ష్యములుండగా ఇంక దాపరికమేల? అయ్యా, మీరు నా కారునకు గానుగ కట్టినారు!

మా మామగారు దివాను గిరీ చేసిన సంస్థానములో రాణీగారు ఎక్కి దిగిన బండి అది. దాని వెనుక చక్రమును పైకెత్తి, తోలుపట్టా తగిలించి, చెరకు నలుగగొట్టించుటకా నేను మీ చేతిలో పెట్టినది? పగలెల్ల గానుగ ఆడిన బండి సాయంకాలము మూడు ఫర్లాంగులు నడచుటయే దాని పెద్దమనిషితనము.

బొడిపె విషయమున మీ మేస్త్రీ చేసినది సబబు. లాగినది లాగినట్లే ఉంచుడు. నేను ఉదయసంధ్య స్తోత్రము కన్నులు మూసికొని చదువుకొనువాడను. కన్నులు మూయుటకు ముందు లాగబడియుండుట చూచితిని. తెరచునప్పటికి ఆఫీసు వచ్చెడిది.

గానుగ తక్షణము విప్పుడు.

వేంకటరమణమూర్తి

తా.క. బెల్లము బాగుగా వచ్చినచో ఒక అచ్చు పంపవచ్చును. అది వేరు విషయము.

*

చోడవరం,
24-1-1955

వేంకటరమణమూర్తి గారికి, నమస్కారాలు.

మేము కారుకి గానుగ కట్టలేదు. ఇంతవరకు కట్టలేదు.

మీ ఉత్తరం నాన్నగారికి చదివి వినిపించడం నాదే తప్పు. మీరు కోపంగా రాశారని నవ్వుకుందామని చదివాను. నాన్నగారు నవ్వలేదు. "సక్రం పైకెత్తి పట్టా తగిలించడమా... ఏదీ, ఆ ముక్క మళ్లీ సదువు" అన్నారు. మళ్లీ చదివాను. "ఎంత తెలివైన పెద్దమనిషమ్మా! అద్దె ఇంజను మన వంతుకొచ్చేసరికి చెరుకు ఎండిపోతంది. ఈ ముక్క మనకి తట్టలేదు సూడు" అని అప్పటికప్పుడు పరదేశిని పిలిపించారు. పరదేశి తాడుతో చక్రం చుట్టూ కొలిచి, "దివ్యంగా సరిపోద్ది బాబూ. నడవడానికి బద్ధకం గానీ నిలబడి పనిసేస్తాది" అన్నాడు. శనివారం, ఇరవై తొమ్మిదో తేదీన పట్టా కడతారు. నాయనమ్మ రసం బిందె తోమి పెట్టారు.

దాసు కూడా వెళ్లిపోయాడు. వీధిలో పిల్లలు వెంటపడి ఎగతాళి చేస్తుంటే పడలేక మళ్లీ లారీకి చేరిపోయాడు. "లారీకైతే బొడిపెల్లేవమ్మా" అన్నాడు వెళ్తూ.

నాన్నగారు చెడ్డవారు కారు. నా ఎదురుగా కూర్చుని, "నేను మాట తప్పలేదు కదమ్మా, కారు కొన్నాను. అదే నడవలేదు" అన్నారు. అదీ నిజమే. ఆయనమీద కోప్పడటానికి కూడా నాకు సందు లేదు. ఏడాదిన్నర నుంచి ఈ అరుగు మీద కూర్చుని వచ్చే బస్సులు, పోయే బస్సులు లెక్కపెడుతున్నాను. ఏ బస్సుకి ఏ దీపం వెలగదో నాకు తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి రాదని కాదు. ఇది పోయిందంటే ఇంక అడగడం నాకే అలవాటు తప్పిపోతుందని భయం.

అందుకని చివరిసారి అడుగుతున్నాను. మీరు కారు నడిపిన పద్ధతి వరసగా రాయండి. ముందు ఏ చెయ్యి, తరువాత ఏ కాలు. స్తోత్రం వద్దు.

నూకరత్నం

తా.క. కళ్లు మూసుకుని మీరు పదహారేళ్లు ఆఫీసుకి కారు నడిపారన్న ముక్క పరదేశికి చెప్పాను. అతను మీకు దండం పెట్టాడు.

*

విశాఖపట్నం,
26-1-1955

చి.సౌ. కాబోయే నూకరత్నానికి కమలాంబ అనేక దీవెనలు.

నేను వేంకటరమణమూర్తి గారి భార్యని. నీ ఉత్తరం పోస్టు జవాను నా చేతికిచ్చాడు. ఆయన పడక కుర్చీలో కునుకు తీస్తున్నారు. మూడు ఉత్తరాలూ వరసగా చదివాను. నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లి నవ్వి వచ్చాను. నీ ఆఖరి ఉత్తరం మాత్రం నవ్వకుండా చదివాను తల్లీ.

ముందు ఏ చెయ్యి, తర్వాత ఏ కాలు అని ఆయన్ని అడిగావు. ఆయనకి తెలీదు. ఆయన ఏనాడూ కారు నడపలేదు. నడిపింది నేను.

అది మా పుట్టింటి కారు. మా అన్నయ్య నాకు నేర్పాడు. పదహారేళ్లు ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్లాను. ఆఫీసు మలుపుకి ఇవతలే దిగి నడిచి వెళ్లేవారు, గుమాస్తాలు చూస్తారని. గొడుగుతో తట్టడమంటే "స్తోత్రం అయింది, పోనీ" అని నాతో చెప్పడం. నేను పోనిచ్చేదాన్ని. బండి ఆయన మాట వింటోందని ఆయన అనుకున్నారన్నది ఇప్పుడు మీ ఉత్తరాల వల్లే నాకూ తెలిసింది.

మీరు వచ్చిన రోజు నేనే స్టార్టు చేసి, వేడెక్కాక వాకిట్లో మీ నాన్నగారి గొంతు వినపడి లోపలికి వెళ్లిపోయాను. ఆడది నడిపిన బండి అంటే ఎవరూ కొనరు, నువ్వు కనపడకు అన్నారు ఈయన.

ఇప్పుడు విను. చల్లగా ఉన్నప్పుడు బొడిపె లాగాలి. ఇంజను అందుకుని కాస్త వేడెక్కగానే తోసెయ్యాలి. లాగే ఉంచితే పెట్రోలు ఎక్కువైపోయి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నల్ల పొగ అదే. మీ పరదేశి కట్టిన తాడు కోసెయ్యి. అంతే జబ్బు.

కాని డ్రైవరు లేడన్నావుగా. తాడు ఒక్కటీ కోస్తే చాలదు. శుక్రవారం పొద్దున్న బస్సులో నేను వస్తున్నాను. ఈయనతో మా అక్క ఊరు వెళ్తున్నానని చెబుతాను. నేను వచ్చేదాకా పట్టా కట్టనివ్వకు. కారు కింద పడుకోవలసి వచ్చినా సరే.

పింఛను పుచ్చుకున్నాక ఆయన "ఇక నాకెక్కడికీ వెళ్లే పని లేదు, కారెందుకు" అని అమ్మేశారు. నాకు వెళ్లే పని ఉందో లేదో అడగలేదు. నిన్ను అడిగేవాళ్లు లేకపోయినా నువ్వు అడుగుతున్నావు. అందుకని వస్తున్నాను.

నీ
కమలాంబ

తా.క. పొట్టిదానివా, పొడుగా? పొట్టిదానివైతే ఒక తలగడ సిద్ధం చేసుకో. డ్రైవరు సీటు మీదికి.

*

చోడవరం,
2-2-1955

పూజ్యులు వేంకటరమణమూర్తి గారికి నూకరత్నం నమస్కరించి రాసేది.

మీ ఇంటావిడ వాళ్ల అక్కగారి ఊళ్లో లేరు. మా ఇంట్లో ఉన్నారు. క్షేమం. కారు నడపడం గురించి ఇకమీద మిమ్మల్ని ఇబ్బంది పెట్టనని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

శుక్రవారం ఆవిడ చిన్న పెట్టె పట్టుకుని ఒక్కరూ బస్సు దిగారు. నాన్నగారు కంగారుపడ్డారు. "ఇశాపట్నం నుంచి ఒక్కరూ వచ్చేరా అమ్మా? బస్సులోనా? పక్కని ఎవులు కూకున్నారు?" అని అడిగారు. "ఏమో బాబూ, నిద్రపోయాను, చూడలేదు" అన్నారు ఆవిడ. నాన్నగారు ఆవిడ పెట్టె అందుకుని లోపలికి నడిచారు.

ఆవిడ కత్తిపీట అడిగి తాడు కోశారు. కారు బెల్లం కొట్లు దాటింది. షావుకార్లు బయటికి వచ్చి నిలబడ్డారు. వడ్డాది దాకా వెళ్లి తిరిగి వచ్చాం. ఎక్కడా పొగ లేదు. పరదేశి మాత్రం చాలాసేపు బొడిపె వైపు చూసి, "ముందు లాగి, మళ్లీ తొయ్యడమా! మరి లాగడం ఎందుకండి?" అని విచారించాడు. పట్టా కట్టడం ఆగిపోయింది. నాయనమ్మకి నిరాశే.

అప్పుడు నాన్నగారు, "ఒకటో తారీఖున మీరు నడుపుతారు సరే, ఆర్నెల్లూ ఎవులు నడుపుతారమ్మా?" అన్నారు. కమలాంబ గారు నా వైపు చూశారు. నేను నాన్నగారి వైపు చూశాను. నాన్నగారు కారు వైపు చూశారు. "కారు నడిస్తే ఉద్యోగం అన్నారు. ఎవరు నడిపితే అన్నది చెప్పలేదు" అన్నాను. ఆయన మాట తప్పే మనిషి కారు. నాలుగు రోజులు చెరుకు పిప్పి ఎండబెట్టే కళ్లంలో ఆవిడ నేర్పారు, నేను నేర్చుకున్నాను. పిప్పి కుప్పలు మెత్తగానే ఉంటాయి. రెండు కుప్పలు మళ్లీ వేయించాం.

నిన్న ఉదయం ఏడున్నరకి బయల్దేరాం. నేను స్టీరింగు దగ్గర, పక్కన కమలాంబ గారు, వెనక నాన్నగారు. తుమ్మపాల దగ్గరికి వచ్చేసరికి ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఇరవై రెండు. ఆపితే మళ్లీ కదపగలనో లేదోనని నేను ఆపలేదు. బళ్లకీ రోడ్డు అంచుకీ మధ్య ఉన్న సందులోంచి పోనిచ్చాను. ఆ బళ్లన్నీ నాన్నగారికి తెలిసిన వాళ్లవే. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "బంగార్రాజూ, జరుగురా! ఒరే చినబాబూ, ఎద్దుని లాగరా! మా అమ్మాయిరా! ఏటనుకోకండర్రా!" అని ఇరవై రెండు బళ్లకీ విడివిడిగా చెప్పుకుంటూ వచ్చారు. పదమూడో బండి దగ్గర ఆయన తలపాగా చెరుకుగడకి చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. ఆపమని అడిగారు. ఆపడం గురించి పాఠం ఆదివారం సగమే అయిందని కమలాంబ గారు ఆయనకి చెప్పారు.

తొమ్మిదింటికి స్కూలు గేటు దగ్గర ఉన్నాం. పదికి సంతకం పెట్టాను. రిజిస్టరులో నా పేరు పక్కన గడి చాలా చిన్నది. పేరు పూర్తిగా పట్టలేదు. అయినా పూర్తిగానే రాశాను.

సంతకం పెట్టి బయటికి వచ్చి చూస్తే నాన్నగారు కల్వర్టు మీద కూర్చుని రెండో సోడా తాగుతున్నారు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చారు. తరువాత, "కారు బానే ఉందమ్మా. వంక పెట్టడానికి లేదు. పన్నెండు మైళ్లూ ఎక్కడైనా ఆగుతాదేమో, దిగిపోదామని సూసేను. ఆగలేదు" అన్నారు.

సోడా పూర్తిచేసి, సీసా పక్కన పెట్టి, నా చేతిలో రూపాయి చిల్లర పెట్టారు.

"రేపట్నించి బస్సులో ఎల్లు తల్లీ" అన్నారు.

ఈ రోజు ఎనిమిదింటి బస్సెక్కాను. పక్కన ఎవరో కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను.

ఇట్లు
బి. నూకరత్నం, బి.ఏ.
టీచరు

తా.క. కమలాంబ గారు మా నాయనమ్మని ఎక్కించుకుని హల్వాకని మాడుగుల వెళ్లారు. అటునుంచి చీడికాడ కూడా చూసి వస్తారట. ఎప్పుడు తిరిగి వచ్చేదీ చెప్పలేదు. మీకు మాత్రం ఒక మాట రాయమన్నారు: భోజనానికి ఇబ్బందిగా ఉంటే చోడవరం బస్సులు చాలా ఉన్నాయట, మీరు కూడా రావచ్చునట.